తిరిగొచ్చిన చీర ఏ అరలో ఉంది?

చిన్న వ్యాపారం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది మంగళగిరి. మూడేళ్లుగా సొంత వెబ్‌సైట్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ చేనేత చీరలు, డ్రెస్ మెటీరియల్ అమ్ముతున్నాను. నెలకు దాదాపు 600 ఆర్డర్లు వస్తున్నాయి. ఇంటి ముందుగదే మా గోదాము. నేనూ, మావారూ, సాయానికి వచ్చే ఇద్దరు అమ్మాయిలూ కలిసి ప్యాకింగ్ చేస్తాం. దసరాకీ, పెళ్లిళ్ల రోజుల్లోనూ రాత్రి ఒంటిగంట దాటినా పార్సిళ్లు తెమలవు. సరుకు నిల్వ, ప్యాకింగ్, కొరియర్‌కు అప్పగించడం, రిటర్నులు అన్నీ చూసుకునే ఫుల్‌ఫిల్‌మెంట్ సంస్థకు ఈ పని ఇచ్చేద్దామనుకుంటున్నాం. హైదరాబాద్ శివార్లలో గోదాము ఉన్న ఒక సంస్థ ఆర్డరుకు 28 రూపాయలు అడుగుతోంది. విజయవాడ దగ్గరున్న మరొక సంస్థ 45 రూపాయలంటోంది. మా జీఎస్టీ నమోదు ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. ఇంట్లో అందరూ 28 రూపాయల సంస్థకే ఇవ్వమంటున్నారు. మీ సలహా ఏమిటి?
ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: రేటు కార్డు పై వరుసలో పెద్ద అక్షరాలతో కనిపించే అంకెను చూసి నిర్ణయం తీసుకోవద్దని ముందుగా మనవి చేస్తున్నాను. ఆ 28 రూపాయలు సాధారణంగా అరలోంచి సరుకు తీసి, కవరులో పెట్టి, చిరునామా అంటించినందుకు మాత్రమే. సరుకు లోపలికి వచ్చినప్పుడు లెక్కపెట్టి బార్‌కోడ్ అంటించినందుకు ఒక రుసుము, అరల్లో ఉంచినందుకు నెలనెలా అద్దె, కవరుకూ పెట్టెకూ విడిగా ధర, తిరిగొచ్చిన పార్సిల్‌ను విప్పి చూసినందుకు ఇంకో రుసుము ఉంటాయి. ఇవన్నీ కార్డులో కింది వరుసల్లోనో, రెండో పేజీలోనో కనిపిస్తాయి. రెండు సంస్థల నుంచీ పూర్తి కార్డు రాతపూర్వకంగా తెప్పించుకుని, మీ గత మూడు నెలల ఆర్డర్లను యథాతథంగా వాటిలో పెట్టి చూడండి.

లెక్క తీరు తెలియడానికి కొన్ని అంకెలు అనుకుందాం. 600 ఆర్డర్లకు 28 చొప్పున 16,800 రూపాయలు. నెలలో 600 చీరలు లోపలికి తీసుకున్నందుకు నాలుగేసి రూపాయల చొప్పున 2,400. నిల్వలో 1,500 చీరలుంటే ఒక్కోదానికి నెలకు 3 రూపాయల అద్దె, అంటే 4,500. కవర్లకు 12 చొప్పున 7,200. వందకు పదిహేను పార్సిళ్లు తిరిగొస్తాయనుకుంటే ఆ 90 రిటర్నులకు 25 చొప్పున 2,250. మొత్తం 33,150 రూపాయలు, అంటే ఆర్డరుకు 55 రూపాయల పైన పడింది. రెండో సంస్థవారి 45 రూపాయల్లో లోపలికి తీసుకోవడం, కవరు, రిటర్ను పరిశీలన అన్నీ కలిసి ఉండి, అద్దె ఒక్కటే అదనమైతే 27,000కు 4,500 కలిపి 31,500 అవుతుంది. అది ఆర్డరుకు 52 రూపాయల 50 పైసలు. మీకు ఇచ్చిన కార్డుల్లో అంకెలు వేరుగా ఉండవచ్చు గాని, చవకగా కనిపించినది చవక కాకపోవడం ఇలాగే జరుగుతుంది. ఈ సేవల మీద 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది. నమోదు ఉన్నవారు కనుక దాని క్రెడిట్ మీకు వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన పన్నులో దాన్ని తగ్గించుకోవచ్చు, కానీ ఆ సొమ్ము ముందు మీ చేతిలోంచే వెళ్తుంది.

నెలకు కనీస బిల్లు అనే షరతు ఉందేమో తప్పకుండా చూడండి. మూఢం వచ్చి ముహూర్తాలు లేని నెలలో మీ ఆర్డర్లు 250కి పడిపోయాయనుకోండి. కనీస బిల్లు 25,000 రూపాయలుంటే ఆ నెల ఒక్కో ఆర్డరుకు మీరు చెల్లించేది 100 రూపాయలు. చీరల వ్యాపారం ముహూర్తాలతో, పండుగలతో, ఆషాఢం డిస్కౌంట్లతో ఎగుడుదిగుడుగా నడుస్తుందన్న సంగతి మీకు తెలిసినంతగా వారికి తెలియదు. కాబట్టి కనీస బిల్లును నెలకు కాకుండా మూడు నెలల సగటుకు పెట్టమని అడగండి. గట్టిగా అడిగినవారికి ఈ సడలింపు ఇవ్వడం నేను చూశాను.

కొరియర్ ఖర్చు దీనికి వేరు. అక్కడ నష్టం పెట్టె కొలతల్లో దాగి ఉంటుంది. కొరియర్ సంస్థలు అసలు బరువునూ, పెట్టె ఆక్రమించే చోటును బట్టి లెక్కించే బరువునూ చూసి, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో హెచ్చించి 5,000తో భాగించడం ఎక్కువగా వాడుకలో ఉన్న పద్ధతి. కవరుతో కలిపి 700 గ్రాములు తూగే చీరను 30, 25, 4 సెంటీమీటర్ల పలచని కవరులో పంపితే చోటు లెక్కన 600 గ్రాములే అవుతుంది. అసలు బరువే ఎక్కువ కనుక, ధర అరకిలోకొకసారి పెరిగే లెక్కలో దానికి కిలో ధర పడుతుంది. అదే చీరను గోదాములో చేతికందిన 10 సెంటీమీటర్ల ఎత్తు పెట్టెలో పెడితే అది కిలోన్నర అయిపోతుంది. ఏ చీర ఏ కవరులో వెళ్లాలో ఒప్పందానికి అనుబంధంగా రాయించండి. వారు పెద్ద పెట్టె వాడినప్పుడు పెరిగిన కొరియర్ ఖర్చు వారే భరించాలన్న వాక్యం కూడా అందులో ఉండాలి.

ఇక రెండు గోదాములూ రెండు రాష్ట్రాల్లో ఉన్నాయన్న విషయానికి వస్తాను. మీ ఇంట్లోవారు దీన్ని లెక్కలోకి తీసుకోలేదనిపిస్తోంది. మీ సరుకు తెలంగాణలోని గోదాములో ఉండి అక్కడి నుంచే కొనుగోలుదారులకు వెళ్తే, ఆ రాష్ట్రంలో మీరు విడిగా జీఎస్టీ నమోదు చేయించుకోవాలి. మంగళగిరి నుంచి హైదరాబాద్‌కు పంపే మీ సొంత సరుకు కూడా చట్టం దృష్టిలో ఒక నమోదు నుంచి మరో నమోదుకు జరిగిన సరఫరాయే. దానికి పన్నుతో ఇన్వాయిస్ రాయాలి, విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) తీయాలి. ఆ పన్ను తెలంగాణ నమోదులో క్రెడిట్‌గా దక్కుతుంది కనుక పోయేదేమీ లేదు గాని, రెండు రాష్ట్రాల జీఎస్టీ రిటర్నులు, రెండు ఖాతాలు, ఆడిటరుగారికి రెట్టింపు పని తప్పవు. విజయవాడ దగ్గరి గోదాము అయితే మీ ప్రస్తుత నమోదులోనే అదనపు వ్యాపార స్థలంగా చేర్పించుకుంటే చాలు. ఆ సవరణ దరఖాస్తును మార్పు జరిగిన 15 రోజుల్లోపు పెట్టాలి, గోదాము వారి అంగీకార పత్రం కావాలి. ఆ పత్రం ఇవ్వడానికి నసిగే సంస్థ అయితే అక్కడితో మాటలు ఆపేయండి.

డబ్బు సంగతి ఇంతవరకు చెప్పాను, ఇంతకంటే ముఖ్యమైనది మీ సరుకు స్వభావం. గోదాము అంటే ఒకే బార్‌కోడ్ కింద ఒకేలాంటి యాభై వస్తువులు ఉండే చోటు. అక్కడ పనిచేసే కుర్రవాడి చేతిలోని స్కానర్‌కు చీర తెలియదు, అంకె ఒక్కటే తెలుస్తుంది. మగ్గం మీద నుంచి దిగిన చీరలు చాలావరకు దేనికదే ప్రత్యేకం. చిలకపచ్చకూ మామిడాకు పచ్చకూ, వంకాయ రంగుకూ నేరేడు రంగుకూ తేడా మీ ఇంట్లో సాయం చేసే అమ్మాయికి ఒక్క చూపులో తెలుస్తుంది. ట్యూబ్‌లైటు కింద గంటకు ఎన్నో పార్సిళ్లు కట్టే మనిషికి అది తెలియాలని ఆశించడం న్యాయం కాదు. రంగు తప్పిన చీర అందుకున్న కొనుగోలుదారు తప్పు పట్టేది మిమ్మల్నే. ఫాల్ కుట్టి, పికో చేసి పంపమని అడిగేవారి ఆర్డర్లు కూడా గోదాములో నడవవు.

అందువల్ల మొత్తం సరుకు అప్పగించవద్దు. మళ్లీ మళ్లీ నేయించి ఒకే రంగులో పదులకొద్దీ ఉంచే నిజాం అంచు చీరలు, డ్రెస్ మెటీరియల్, దుపట్టాలు గోదాముకు పంపండి. ఒక్కటొక్కటిగా ఉండే పట్టు చీరలు, ఫాల్ కుట్టాల్సినవి మీ ముందుగదిలోనే ఉండనివ్వండి. మీ ఆర్డర్లలో సగానికి పైగా మొదటి రకమే అయి ఉంటే, రాత్రి ఒంటిగంట ప్యాకింగ్ దీనితోనే తప్పుతుంది. జరీ ఉన్న చీరను గాలి ఆడని ప్లాస్టిక్ కవరులో నెలల తరబడి మూసి ఉంచితే చెమ్మకు జరీ నల్లబడుతుంది, మడతల దగ్గర నేత బలహీనపడుతుంది. మీరు ఇంట్లో అప్పుడప్పుడూ మడత మార్చినట్టు అక్కడ ఎవరూ మార్చరు. పట్టును బయటికి పంపకపోవడానికి ఇది కూడా ఒక కారణం.

గోదామును స్వయంగా చూడకుండా సంతకం పెట్టవద్దు. చూడటానికి వెళ్లినప్పుడు ముందు భాగంలో చూపించే అరల దగ్గర ఎక్కువసేపు నిలబడనక్కర్లేదు. తిరిగొచ్చిన పార్సిళ్లు ఎక్కడ పెడతారో చూపించమనండి. మేడ్చల్ వైపు ఒక గోదాముకు, బట్టల వ్యాపారం చేసే మిత్రుడితో కలిసి వెళ్లినప్పుడు నేనూ అదే అడిగాను. ముందంతా అద్దంలా ఉంది. వరుసలు, రంగు గీతలు, అంకెలు వేసిన అరలు చూసి మిత్రుడు సంతృప్తి పడ్డాడు. వెనక షట్టర్ పక్కన మాత్రం నీలం రంగు క్రేట్లలో రిటర్ను పార్సిళ్లు నడుం ఎత్తున పేర్చి ఉన్నాయి. అడుగున ఉన్న ఒకదానిపై ముద్ర చూస్తే అది అక్కడికి చేరి 41 రోజులైంది. ఇంకా విప్పలేదు. లోపల ఉన్నది మా మిత్రుడిలాంటి మరో వ్యాపారి సరుకు. అతని వెబ్‌సైట్‌లో ఆ వస్తువు అయిపోయిందని చూపిస్తూ ఉంటుంది, వస్తువేమో ఇక్కడ దుమ్ము పట్టి ఉంటుంది. మీకు నెలకు 90 చీరలు తిరిగొచ్చి, ఒక్కోటి 2,500 రూపాయలదైతే, నలభై రోజుల జాప్యమంటే రెండు లక్షల పాతిక వేల రూపాయలకు పైబడిన సరుకు ఎప్పుడూ క్రేట్లలోనే ఉన్నట్టు. నేతగాడికి మీరు ఇవ్వాల్సిన మజూరీ అందులోనే ఇరుక్కుంటుంది.

రిటర్ను గోదాముకు చేరిన రెండు పని దినాల్లో విప్పి, చీర బాగుంటే తిరిగి అరలోకీ, పాడైతే ఫోటోతో మీ దృష్టికీ తేవాలని ఒప్పందంలో ఉండాలి. విప్పేటప్పుడు వీడియో తీయడం కూడా తప్పనిసరి చేయండి. కొత్త చీర ఉంచుకుని పాత చీర తిప్పి పంపేవారు అరుదే అయినా ఉన్నారు, వీడియో లేకపోతే కొరియర్‌కైనా కొనుగోలుదారుకైనా మీరు చూపగలిగేది ఏమీ ఉండదు.

క్యాష్ ఆన్ డెలివరీ సొమ్ము ఎవరి ఖాతాలో పడుతుందో అడగండి. కొరియర్ నుంచి నేరుగా మీ బ్యాంకు ఖాతాకు వచ్చే ఏర్పాటు ఉత్తమం. ఫుల్‌ఫిల్‌మెంట్ సంస్థ ఖాతాకు వెళ్లి, వారి బిల్లు మినహాయించుకున్నాక మీకు వచ్చేటట్లైతే ఏ వివాదం వచ్చినా మీ సొమ్ము వారి చేతిలో ఉంటుంది. కొనుగోలుదారుల ఫోన్ నంబర్లను ఆర్డరు పంపడానికి తప్ప మరి దేనికీ వాడరాదని కూడా ఒక వాక్యం రాయించండి.

ఒప్పందంలో నేను అన్నిటికంటే జాగ్రత్తగా చదివేది బయటికి వచ్చే దారి గురించిన పేరా. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 170వ సెక్షన్ ప్రకారం, అప్పగించిన సరుకు మీద తమ శ్రమ, నైపుణ్యం వెచ్చించి సేవ చేసినవారు ఆ సేవకు రావలసిన డబ్బు అందేదాకా ఆ సరుకును తమ దగ్గర ఉంచుకోవచ్చు. పాత బాకీలన్నిటి కిందా సరుకు మొత్తాన్ని పట్టి ఉంచే విస్తృతమైన హక్కును 171వ సెక్షన్ బ్యాంకర్లవంటి కొందరికే ఇచ్చింది. మిగిలినవారికి అది ఒప్పందంలో రాసుకుంటేనే వస్తుంది. చాలా గోదాముల ఒప్పందాల్లో ఆ వాక్యం ముందే అచ్చు వేసి ఉంటుంది, సంతకం పెట్టేవారు చదవరు. నాకు తెలిసిన ఒక దుస్తుల వ్యాపారి బరువు లెక్కల బిల్లు మీద తగాదా పడినప్పుడు, దసరాకు మూడు వారాల ముందు అతని సరుకంతా ఆ వాక్యం చూపించి ఆపేశారు. తగాదా పడిన మొత్తం 18,000 రూపాయలు, ఆగిపోయిన సరుకు ఆరు లక్షలది. చివరికి అతను తప్పని తెలిసిన బిల్లునే చెల్లించి సరుకు విడిపించుకున్నాడు. ఆ వాక్యాన్ని కొట్టేయించండి. కుదరకపోతే, వివాదం లేని బాకీ చెల్లించిన వారం రోజుల్లో సరుకు ఇచ్చేయాలని, వివాదంలో ఉన్న బిల్లుకు సమానమైన విలువగల సరుకు మాత్రమే ఆపవచ్చని రాయించండి. తగాదా వస్తే ఏ ఊరి కోర్టుకు వెళ్లాలన్నది కూడా అక్కడే ఉంటుంది. గురుగ్రామ్ అని ఉంటే విజయవాడ అని మార్చమనండి.

నా అభిప్రాయం విజయవాడ గోదాము వైపే. అయినా ఒక్కసారిగా అప్పగించకుండా, వంద దుపట్టాలతో ఒక నెల పరీక్షించండి. శ్రీకాకుళం, ఆదిలాబాద్, బెంగళూరుల్లో ఉన్న బంధువుల చేత మామూలు కొనుగోలుదారుల్లాగే ఆర్డర్లు పెట్టించండి. ఒకరిని క్యాష్ ఆన్ డెలివరీ పార్సిల్ తీసుకోకుండా తిప్పి పంపమనండి. ఆ దుపట్టా మీ వెబ్‌సైట్‌లో మళ్లీ అమ్మకానికి కనిపించడానికి ఎన్ని రోజులు పట్టిందో కాగితం మీద రాసుకోండి. దసరాకు ముందు రెండు నెలల్లో మార్పు మొదలుపెట్టవద్దు. అది మాఘమాసం పెళ్లిళ్లు ముగిశాక చేయాల్సిన పని.

ప్రశ్న: మేము భీమవరంలో ఆవకాయ, గోంగూర, కజ్జికాయలు తయారుచేసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. పై పని మాకూ కుదురుతుందా? బట్టలు నిల్వ చేసే గోదాము వారు మా సరుకు కూడా తీసుకుంటామంటున్నారు.
ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: తీసుకుంటామన్నంత మాత్రాన ఇవ్వవద్దు. ఆహార పదార్థాలు నిల్వ చేసే చోటుకు కూడా ఫుడ్ సేఫ్టీ లైసెన్సు ఉండాలి. మీ లైసెన్సు మీ వంటశాలకే వర్తిస్తుంది. గోదాము వారి 14 అంకెల లైసెన్సు నంబరు అడిగి, అది ఆ చిరునామాకే, నిల్వ పనికే ఇచ్చిందో లేదో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. అగరుబత్తీలు, సబ్బులు ఉన్న వరుసలో కజ్జికాయలు పెడితే వారం తిరిగేసరికి ఆ వాసన పట్టేస్తుంది.

బ్యాచ్ నంబరు, గడువు తేదీ వారి సాఫ్ట్‌వేర్‌లో నమోదవుతాయా, గడువు ముందు తీరే సీసా ముందు బయటికి వెళ్తుందా అని అడగండి. బట్టల గోదాముల్లో ఈ పద్ధతి సాధారణంగా ఉండదు, అవసరమూ ఉండదు. ఆన్‌లైన్‌లో అమ్మే ఆహారం కొనుగోలుదారు చేతికి అందేసరికి నిల్వకాలంలో 30 శాతమో, లేదా 45 రోజులో మిగిలి ఉండేలా చూడాలని 2024 నవంబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆన్‌లైన్ అమ్మకందారులకు సూచించింది. కజ్జికాయల వంటి తక్కువ నిల్వకాలపు పిండివంటలను గోదాములో పెట్టాలన్న ఆలోచనే మానుకోండి. వాటిని ఆర్డరు వచ్చాక చేసి మీ ఇంటి నుంచే పంపడం మేలు.

ఆవకాయ విషయంలో అసలు శత్రువు నూనె. ప్యాక్ చేసిన సీసాను పాత వార్తాపత్రిక మీద ఒక రాత్రంతా తలకిందులుగా నిలబెట్టి ఉంచండి. పొద్దున కాగితం మీద నాణెమంత మరక కనిపించినా ఆ మూత ప్రయాణానికి పనికిరాదు. ఒక్క సీసా కారితే పెట్టెలో ఉన్న మిగతావీ, లారీలో పక్కనున్నవారి చీరలూ పాడవుతాయి. ఆ నష్టం ఎవరిదన్న ప్రశ్న అప్పుడు పుడుతుంది. కాబట్టి కారిన సీసాకు తయారీదారు ఎంతవరకు బాధ్యుడో, పడేసి పగలగొట్టినదానికి గోదాము ఎంతవరకు బాధ్యత వహిస్తుందో ముందే విడివిడిగా రాయించుకోండి. తిరిగొచ్చిన పచ్చడిని మళ్లీ అమ్మకూడదు, దాన్ని పారవేయాల్సిందే. అందువల్ల మీరు క్యాష్ ఆన్ డెలివరీ పూర్తిగా ఆపేయడమో, కనీసం సగం డబ్బు ముందే తీసుకోవడమో చేయకపోతే ఏ గోదాము రేటూ మీకు గిట్టదు.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి ఇత్తడి పూజాసామగ్రి, కొండపల్లి బొమ్మలు అమెరికాలోని తెలుగువారికి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. అక్కడే ఒక ఫుల్‌ఫిల్‌మెంట్ గోదాములో సరుకు ఉంచుకోవడం మంచిదా?
ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అక్కడ సుంకం లేకుండా ఉన్న సౌకర్యం 2025 ఆగస్టు 29 నుంచి నిలిచిపోయింది. కనుక ఒక్కొక్క పార్సిల్‌నూ ఇక్కడి నుంచి పంపే పాత పద్ధతిలో ఉన్న లాభం తగ్గింది. బరువైన ఇత్తడిని ఓడలో ఒకేసారి పంపి అక్కడ నిల్వ చేయడం లెక్కకు నిలుస్తుంది. కొండపల్లి బొమ్మలు తేలికే అయినా చోటు ఎక్కువ ఆక్రమిస్తాయి, పుణికి కర్ర సున్నితమైనది. వాటిలో బాగా అమ్ముడయ్యే రెండు మూడు రకాలనే పంపండి.

ఏ రాష్ట్రంలో గోదాము తీసుకుంటే ఆ రాష్ట్రపు అమ్మకపు పన్ను బాధ్యత సాధారణంగా మీ మీద పడుతుంది, సరుకు అక్కడ ఉండటమే అందుకు చాలు. టెక్సాస్‌లో అమ్మకపు పన్ను ఉంది, డెలావేర్‌లో లేదు. అయితే పన్ను లేదని డెలావేర్ ఎంచుకునే ముందు, మీ కొనుగోలుదారుల్లో ఎక్కువమంది ఉన్న ఊళ్లకు అక్కడి నుంచి పార్సిల్ ఖర్చు ఎంతో చూసుకోండి. కస్టమ్స్ కాగితాల మీద దిగుమతిదారుగా ఎవరి పేరు ఉండాలన్నది సరుకు ఓడ ఎక్కకముందే తేలాలి. గోదాము సంస్థలు సాధారణంగా ఆ బాధ్యత తీసుకోవు. మీ కంపెనీ పేరు మీదే దిగుమతి చేసుకోవాలంటే కస్టమ్స్ బాండు (సుంకం చెల్లింపుకు ఇచ్చే హామీ), కస్టమ్స్ పని చూసే అక్కడి బ్రోకరు కావాలి. ఆ రెండు ఖర్చులూ మొదటి కన్‌సైన్‌మెంట్ విలువలో ఎంత శాతమవుతాయో కట్టి చూసి, అప్పుడు గోదాము వారితో మాట్లాడండి.